అక్షయనీవి: తరగకూడనిది ఏది?

నేటి కార్యాలయ వ్యవహారాలలో ‘కార్పస్ ఫండ్’ అన్న మాట వినబడని రోజు అరుదు. విశ్వవిద్యాలయాలు, అకాడమీలు, గ్రంథాలయాలు, ఆసుపత్రులు, చివరకు పూర్వ విద్యార్థుల సంఘాలు కూడా తమకొక కార్పస్ ఫండ్ ఉండాలని ఆశిస్తున్నాయి. తెలుగులో దీనిని మూలనిధి అని, శాశ్వతనిధి అని వ్యవహరిస్తున్నాం. మాట ఇంత విరివిగా వాడుకలో ఉన్నా దాని అర్థం విషయంలో మాత్రం ఏకాభిప్రాయం కనబడదు. కొందరి దృష్టిలో అది బ్యాంకులో ఉన్న పెద్ద మొత్తం. మరికొందరి దృష్టిలో ప్రభుత్వం ఒకేసారి విడుదల చేసే గ్రాంటు. ఇంకొందరికి అది బడ్జెటు చాలని సంవత్సరంలో ఆదుకొనే నిల్వ. నిజానికి వీటిలో ఏ ఒక్కటీ ఆ మాటకు పూర్తి అర్థం కాదు. అసలును ముట్టకుండా, దాని నుంచి వచ్చే ఫలాన్ని మాత్రమే ఒక నిర్ణీత ప్రయోజనం కోసం ఎల్లకాలం వెచ్చించాలన్న కట్టుబాటుతో అప్పగించిన ధనమే మూలనిధి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కూడా, మూలనిధికే చెందాలన్న స్పష్టమైన ఆదేశంతో దాత ఇచ్చిన మొత్తాన్ని సంస్థ మామూలు ఆదాయం నుంచి వేరుచేసి చూసింది.

ఈ భావన మనకు పాశ్చాత్య న్యాయశాస్త్రంతో పాటు దిగుమతి అయినదని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ల కిందటనే ఈ దేశంలో దీనికొక పేరున్నది. ఆ పేరు అక్షయనీవి. ప్రాకృత శాసనాలలో ‘అఖయనీవి’గా కనిపించే ఈ మాట అర్థాన్ని, వాడుకను పరిశీలించడం ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. ఆ మాటలోనే ఒక నైతిక ప్రశ్న కూడా దాగి ఉన్నది. క్షయం కాకూడనిది ఏది? ధనం మొత్తమా, ఆ ధనం ఏ పని కోసం ఉద్దేశించబడిందో ఆ పనా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకోకుండా పరుల ధనాన్ని కాపాడుతున్నామని చెప్పుకొనే హక్కు మనకు లేదని నా నమ్మకం.

కావ్యాలు చదివినవారికి నీవి అనగానే పోకముడి స్ఫురిస్తుంది. అమరకోశం వైశ్యవర్గంలో నీవి, పరిపణం, మూలధనం అన్నవి పర్యాయపదాలు. కౌటిల్యుని అర్థశాస్త్రం లెక్కల ప్రకరణంలో ఆయం, వ్యయం, నీవి అని మూడు మాటలు వస్తాయి. అక్కడ నీవి అంటే రాబడిలో నుంచి ఖర్చు పోగా మిగిలిన నిల్వ. ఒకే మాట ఒకచోట వస్త్రపు ముడి, మరొకచోట వర్తకుని పెట్టుబడి, ఇంకొకచోట గణకుని నిలవ పద్దు అయింది. వ్యుత్పత్తి వివాదాల మాట ఎలా ఉన్నా, మన ఇళ్లలో పెద్దవాళ్లు డబ్బును కొంగున ముడివేసుకోవడం చూసినవారికి ఈ అర్థాల మధ్య చుట్టరికం వింతగా తోచదు. ముడివేసిన డబ్బు చేతిలో ఉన్న డబ్బు వంటిది కాదు. అది ఇంకెవరి కోసమో, ఇంకెప్పటి కోసమో దాచినది. లాటిన్ భాషలో కార్పస్ అంటే శరీరం. శరీరం అన్నప్పుడు మన దృష్టి దాని పరిమాణం మీద నిలుస్తుంది. ముడి అన్నప్పుడు దానిని వేసిన చేయి, అది వేసిన కారణం గుర్తుకు వస్తాయి. ఈ భేదం చిన్నదే అయినా ముందు చెప్పబోయే విషయానికి ముఖ్యమైనది.

అక్షయనీవికి చాలా ప్రసిద్ధమైన ఉదాహరణ నాసిక్ గుహలలో ఉన్నది. క్షహరాత రాజు నహపానుని అల్లుడు ఉషవదాతుడు 42వ సంవత్సరంలో అక్కడ ఒక గుహను బౌద్ధసంఘానికి సమర్పించి, దానితో పాటు మూడు వేల కాహాపణాల అక్షయనీవిని ఏర్పరిచాడు. ఆ నాణేలను అతడు భిక్షువుల చేతికి ఇవ్వలేదు. గోవర్ధనంలోని నేతగాళ్ల శ్రేణులకు అప్పగించాడు. ఒక శ్రేణి వద్ద రెండు వేలు ఉంచాడు. దానికి నెలకు నూటికి ఒకటి వడ్డీ. మరొక శ్రేణి వద్ద వేయి ఉంచాడు. దానికి నెలకు నూటికి ముప్పావు వడ్డీ. అసలు తిరిగి చెల్లించవలసినది కాదని, వడ్డీ మాత్రమే అనుభవించవలసినదని శాసనం స్పష్టం చేస్తుంది. వర్షాకాలం ఆ గుహలో గడిపే ఇరవై మంది భిక్షువులకు ఒక్కొక్కరికి చీవరాల నిమిత్తం పన్నెండు కాహాపణాలు ఇవ్వాలి. రెండవ మొత్తం మీది వడ్డీ వారి చిల్లర అవసరాలకు. ఈ ఏర్పాటునంతటినీ నిగమసభలో వినిపించి, ఫలకం మీద నమోదు చేయించినట్టు కూడా శాసనంలోనే ఉన్నది.

ఇక్కడ కాస్త లెక్క వేసి చూద్దాం. నెలకు నూటికి ఒకటి చొప్పున రెండు వేలకు ఏడాదికి వచ్చే వడ్డీ 240. ఇరవై మందికి తలా పన్నెండు చొప్పున కావలసినది కూడా సరిగ్గా 240. అంటే దాత మొదట ఒక పెద్ద మొత్తాన్ని ఇచ్చి, దానితో ఏదో ఒక మంచిపని చేయండని చెప్పలేదు. ఇరవై మందికి బట్టలు అన్నది ముందు నిశ్చయమై, దానికి కావలసిన అసలు వెనుక నుంచి లెక్కగట్టినట్టు కనబడుతున్నది. ప్రయోజనం ముందు, ధనం తరువాత. ఆర్థిక నిర్వహణ దృష్టితో చూచినా, నీతి దృష్టితో చూచినా ఈ క్రమం గమనార్హమైనది.

ఈ పద్ధతి ఒక ప్రాంతానికో ఒక మతానికో పరిమితమైనది కాదు. కుషాణ రాజు హువిష్కుని కాలపు మథుర శాసనంలో ఒక పుణ్యశాల కోసం 1100 పురాణాలు అనే నాణేలను రెండు సమాన భాగాలుగా రెండు శ్రేణుల వద్ద ఉంచినట్టున్నది. ఆ వడ్డీతో నెలకొకసారి నూరుమంది బ్రాహ్మణులకు భోజనం పెట్టాలి. ఆకలిదప్పులతో వచ్చే అనాథల కోసం ప్రతిదినం ద్వారం వద్ద ఇంత పిండి, ఇంత ఉప్పు, ఇంత ఆకుకూర అని కొలతలతో సహా ఆహారం సిద్ధంగా ఉంచాలి. గుప్తుల కాలపు సాంచి శాసనంలో హరిస్వామిని అనే ఉపాసిక పన్నెండు దీనారాలు అక్షయనీవిగా ఇచ్చి, ఆ వడ్డీతో దినానికి ఒక భిక్షువుకు భోజనం పెట్టాలని కోరింది. మన ఇక్ష్వాకుల నాగార్జునకొండ శాసనాలలోనూ అఖయనీవి మాట ఉన్నది. నేటి బంగ్లాదేశ్‌లో లభించిన గుప్తకాలపు తామ్రశాసనాలలో ఇదే మాట భూమికి కూడా వర్తించింది. రాజు, ఉపాసిక, వర్తకుడు, గృహస్థు అన్న భేదం లేకుండా అందరికీ తెలిసిన వ్యవహారం ఇది.

వీటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది స్కందగుప్తుని కాలపు ఇందోర్ తామ్రశాసనం. ఈ ఇందోర్ ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలోనిది. గుప్తశకం 146, అంటే సామాన్యశకం 465-66లో దేవవిష్ణువు అనే బ్రాహ్మణుడు అక్కడి సూర్యదేవాలయంలో దీపం కోసం తైలిక శ్రేణికి, అనగా నూనె గానుగల వారి సంఘానికి, ఒక దానాన్ని అప్పగించాడు. ఆ శ్రేణి దినానికి రెండు పలాల నూనె ఇవ్వాలి. ఒకవేళ శ్రేణి ఆ ఊరు విడిచి వెళ్లినా, అది ఒక్కటిగా ఉన్నంతకాలం ఈ బాధ్యత దానిదే. దాత ఇక్కడ నాణేలలో వడ్డీ అడగలేదు, నూనె అడిగాడు. నాణెం విలువ పెరగవచ్చు, తగ్గవచ్చు, రాజ్యం మారితే నాణేమే మారవచ్చు. దీపానికి కావలసినది మాత్రం నాడూ నేడూ నూనే. ఆ నూనె కొలతనే శాసనంలో చెక్కించిన దాతకు ద్రవ్యోల్బణం అన్న మాట తెలియకపోవచ్చు గాని ఆ విషయం తెలియదని అనలేము.

దక్షిణదేశంలో ఇదే ఆలోచన మరొక రూపం ధరించింది. చోళుల శాసనాలలో అఖండదీపం కోసం ఇచ్చే గొర్రెలను ‘చావా మూవా పేరాడు’ అన్నారు. చావనివి, ముసలివి కానివి అని దాని అర్థం. రాజరాజు తంజావూరు శాసనాలలో ఒక దీపానికి తొంభై ఆరు గొర్రెలు, దినానికి ఒక ఉళక్కు నెయ్యి అన్నది సాధారణమైన లెక్క. ద్రాక్షారామం వంటి క్షేత్రాలలోని తెలుగు శాసనాలలో కూడా అఖండదీపానికి గొర్రెలనో ఆవులనో ఇచ్చి, వాటిని కాపరులకు అప్పగించి, దినానికి ఇంత నెయ్యి పోయాలని నిర్ణయించడం తరచు కనబడుతుంది. గొర్రెలు చావవా? చస్తాయి. ముసలివి కావా? అవుతాయి. కాని మంద చావకూడదు. చచ్చినదాని స్థానంలో పుట్టినదానిని నిలిపి లెక్క తగ్గకుండా చూడడం కాపరి పని. అంటే అక్షయం అన్నది వస్తువుకు సహజంగా ఉన్న గుణం కాదు. కాపరి దినదినమూ చేసే పనికి అది పేరు. ఈ అర్థాన్ని మరచినప్పుడు ఏమి జరుగుతుందో నా స్వానుభవం నుంచి చెప్పవలసి ఉన్నది.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక జిల్లా కేంద్రంలో పనిచేస్తున్నప్పుడు నా వద్దకు ఒక ఫైలు వచ్చింది. ఒక పాత పాఠశాలకు చెందిన చిన్నచిన్న బహుమతి నిధుల జాబితా అది. వాటిలో ఒకటి 1943లో అక్కడి ఉపాధ్యాయుడొకరు పసితనంలోనే మరణించిన తమ కుమార్తె పేరిట ఏర్పరిచినది. మొత్తం 500 రూపాయలు. దానిని మూడున్నర శాతం వడ్డీ వచ్చే ప్రభుత్వ పత్రాలలో ఉంచారు. ఏడాదికి వచ్చే 17 రూపాయల 8 అణాలతో ఒక బీద బాలికకు ఆ సంవత్సరానికి కావలసిన పుస్తకాలు, పలక, ఒక జత బట్టలు కొనిపెట్టాలని ఆయన కోరారు. దానపత్రంలో రెండే పేరాలున్నాయి. మొదటి పేరాలో ధనం వివరం, రెండవ పేరాలో ఈ కోరిక. ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చేనాటికి ఆ వడ్డీతో ఒక మంచి నోటుపుస్తకం కూడా రాదు. అందుచేత చాలా ఏళ్లుగా బహుమతి ఇవ్వడమే మానుకొన్నారు. అయినా ఏటేటా తనిఖీ నివేదికలో మూలధనం భద్రంగా ఉన్నదని, అభ్యంతరం లేదని రాస్తూనే వచ్చారు. నిర్వహణకు భారమైన ఇటువంటి ఖాతాలను పాఠశాల సాధారణ నిధిలో కలిపివేయాలన్నది ప్రతిపాదన. నేను సంతకం చేశాను.

అప్పుడు నాకు దానిలో తప్పేమీ కనబడలేదు. ఒక్క పైసా దుర్వినియోగం కాలేదు. నిబంధనలకు విరుద్ధమైనదీ ఏదీ లేదు. కొన్నేళ్ల తరువాత ఒక ప్రసంగం కోసం నాసిక్ శాసనాన్ని మళ్లీ చదువుతూ, పైన చెప్పిన 240 లెక్క కాగితం మీద వేసుకొన్నప్పుడు ఆ ఉపాధ్యాయుని దానపత్రం జ్ఞాపకం వచ్చింది. ఆయన కూడా అదే విధంగా లెక్క వేశారు. ఒక బాలికకు ఏమి కావాలో ముందు అనుకొని, దానికి చాలినంత అసలు కూడబెట్టి ఇచ్చారు. బహుశా ఎన్నో నెలల జీతంలో నుంచి మిగిల్చి ఉంటారు. ఆయన తరువాత వచ్చిన మేమంతా దానపత్రంలో మొదటి పేరా మాత్రమే చదివాం. 500 అన్న అంకెను అరవై ఏళ్లకు పైగా కాపాడాం. రెండవ పేరాలోని బాలికను మాత్రం ఎవరమూ కాపాడలేదు. ఆ ఖాతా కలిసిపోవడంతో ఆ చిన్నపిల్ల పేరు కూడా రిజిస్టరులో నుంచి పోయింది. ఆ కలిపివేతకు ఉత్తరువు నాది.

ఇంకేమి చేయగలిగేవాళ్లం అన్న ప్రశ్న సహజం. చేయదగినవి లేకపోలేదు. ఏటా వచ్చే ఫలంలో కొంత భాగాన్ని తిరిగి అసలుకు చేర్చి ఉండవచ్చు. కాపరి నెయ్యి కొలిచి పోసే ముందు పిల్లలను మందలో నిలుపుకొనేవాడు కదా. ఒకే విధమైన ప్రయోజనం గల చిన్న నిధులను దాతల పేర్లు చెరిపివేయకుండా ఒకటిగా చేసి, ప్రతి ఏటా కాకపోయినా రెండేళ్లకో మూడేళ్లకో ఒక బాలికకు నిజమైన సహాయం చేసి ఉండవచ్చు. అక్కడ చదివి పైకి వచ్చినవారిని పిలిచి, ఈ కోరికను నిలబెట్టండని అడిగి ఉండవచ్చు. ఇవేవీ అసాధారణమైన పనులు కావు. అయితే వీటిలో ఏ ఒక్కటి జరగాలన్నా, తరిగిపోతున్నది ఏదో ఉన్నదని ముందుగా ఎవరో ఒకరు గుర్తించాలి. అభ్యంతరం లేదన్న మాట ఆ గుర్తింపుకు అడ్డు నిలిచింది.

ఇది చిన్న పాఠశాలల సమస్య మాత్రమే కాదు. నోబెల్ బహుమతుల నిధి అనుభవం కూడా ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. 1901లో మొదటి బహుమతి మొత్తం 150,782 స్వీడిష్ క్రోనార్లు. భద్రత పేరుతో నిధిని స్థిరమైన వడ్డీ పత్రాలకే పరిమితం చేయడం, పన్నుల భారం, ధరల పెరుగుదల కలిసి బహుమతి విలువను దశాబ్దాల పాటు క్షీణింపజేశాయి. 1946లో పన్ను మినహాయింపు, 1953లో పెట్టుబడి నిబంధనల సడలింపు లభించిన తరువాతనే పరిస్థితి మెరుగుపడసాగింది. బహుమతి తిరిగి 1901 నాటి నిజవిలువను అందుకొనడానికి 1991 దాకా పట్టింది. కదలకుండా ఉంచడమే కాపాడడమన్న భావన ఎంత ఖరీదైనదో దీనివల్ల తెలుస్తున్నది.

అయితే ఈ వాదానికి మరొక వైపు కూడా ఉన్నది. గతించినవారి కోరిక జీవించి ఉన్నవారిని ఎంతకాలం శాసించాలి? ఊరిలో కరువు వచ్చి పిల్లలు పస్తులుంటే, దీపం కోసం ఉంచిన ధనాన్ని ముట్టకూడదని కూర్చోవడం ధర్మమా? ఏ వ్యాధి కోసం ఆసుపత్రి పడక ఏర్పరిచారో ఆ వ్యాధే లోకంలో లేకుండా పోతే ఆ పడకను ఖాళీగా ఉంచాలా? ఈ ప్రశ్నలను తేలికగా తోసివేయడానికి వీలులేదు. అసలును ముట్టరాదన్న నియమాన్ని గుడ్డిగా పట్టుకొంటే కాపరి మంద కోసం బతుకుతాడే గాని దీపం కోసం కాదు. మన చట్టాలు కూడా ఈ చిక్కును గుర్తించాయి. 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతిలోని 92వ సెక్షన్‌కు 1976లో చేర్చిన ఉపనిబంధన ప్రకారం, ధర్మనిధి మొదటి ప్రయోజనం నెరవేరినప్పుడు గాని, కాలం మారి నిరుపయోగమైనప్పుడు గాని న్యాయస్థానం దానిని మార్చవచ్చు. అటువంటప్పుడు కొత్త ప్రయోజనం దాత ఉద్దేశానికి వీలైనంత చేరువగా ఉండాలన్నది ఈ న్యాయం వెనుక ఉన్న సూత్రం.

ఈ సూత్రంలో ‘వీలైనంత చేరువగా’ అన్న మాట చాలా విలువైనది. ముడి విప్పకూడదని అది అనడం లేదు. విప్పవలసి వస్తే పదిమంది ఎదుట, కారణం చెప్పి, ముడి వేసినవారి మనసు తెలుసుకొని విప్పమంటున్నది. ఉషవదాతుడు తన దానాన్ని నిగమసభలో వినిపించాడు. దానం ఇచ్చేటప్పుడు సభ అవసరమైతే, దానిని మార్చేటప్పుడు సభ అనవసరం ఎలా అవుతుంది? సంస్థలలో సాధారణంగా జరిగేది దీనికి విరుద్ధం. జీతాలకు డబ్బు చాలని నెలలో మూలనిధి నుంచి తాత్కాలికంగా అని తీస్తారు. తరువాత ఏడాది మరికొంత తీస్తారు. కొంతకాలానికి నిధి పేరు ఒక్కటే మిగులుతుంది. కరువులో పిల్లల ఆకలి తీర్చడానికి బహిరంగంగా ముడి విప్పినవాడు దాతకు సంజాయిషీ చెప్పుకోగలడు. చప్పుడు కాకుండా సడలించినవాడు చెప్పుకోలేడు. అదే విధంగా అసలును ముట్టకుండా ఊరకే నిద్రపుచ్చినవాడూ చెప్పుకోలేడు. ఈ మూడవవాడి తప్పు ఏ తనిఖీలోనూ బయటపడదు కనుక అతడు తన గురించి తాను మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ మూడవవాడిగా నేను ఒకప్పుడు ఉన్నాను.

చరిత్ర విద్యార్థిగా ఒక విషయం ఒప్పుకోక తప్పదు. పైన పేర్కొన్న అక్షయనీవులలో ఏదీ అక్షరాలా అక్షయంగా నిలవలేదు. గోవర్ధనపు నేతగాళ్ల శ్రేణులు లేవు. నాసిక్ గుహలలో ఆ ఇరవై మంది భిక్షువులకు వారసులు లేరు. ఇంద్రపురపు దీపం ఎప్పుడో ఆరిపోయింది. దాతలకు ఈ సంగతి తెలియదనుకోవడం అమాయకత్వం. సూర్యచంద్రులున్నంత వరకు అని చెక్కించినవారు రాజ్యాలు కూలడం కళ్లారా చూచినవారే. కాబట్టి అక్షయమన్న మాటను వారు జోస్యంగా వాడలేదని నేను అనుకొంటున్నాను. అది తరువాత వచ్చేవారికి అప్పగించిన బాధ్యత. నీ చేతిలో ఉన్నంతకాలం దీనిని తరగనివ్వకు అని మాత్రమే దాని భావం. ప్రతి కాపరీ తన వంతు కాలానికే జవాబుదారి.

దానశాసనాల చివర శాపవాక్యాలు ఉంటాయని పాఠకులకు తెలిసిన విషయమే. పరుల దానాన్ని అపహరించినవాడు అరవైవేల ఏళ్లు పురుగై పుడతాడన్న బెదిరింపు బాగా ప్రసిద్ధం. దాని పక్కనే తరచు కనబడే మరొక భావానికి అంత ప్రచారం లేదు. దానం చేయడం, దానాన్ని పాలించడం అన్న రెంటిలో పాలించడమే శ్రేష్ఠమని అది చెబుతుంది. దాత ఒకసారి ఇచ్చి పుణ్యం కట్టుకొంటాడు. పాలకుడు తనది కాని ధనాన్ని, తాను ఎరుగని వ్యక్తి కోరిక కోసం, తనకు కనబడని ప్రయోజనం కోసం ఏళ్ల తరబడి కాపాడాలి. ఆ శాసనాలలో పాలకుడంటే రాజు. నేడు ఆ పని పేరులేని గుమాస్తాలది, లెక్కల అధికారులది, కార్యదర్శులది, మా వంటివారిది.

ఇప్పుడు నా బల్ల మీదికి అటువంటి ఫైలు వస్తే ముందుగా దానపత్రం తెప్పించి రెండవ పేరా చదువుతాను. ఈ ధనం ఎవరికి ఏమి ఇవ్వాలని ఇచ్చారో, అది ఈ ఏడాది వారికి అందిందో లేదో, అందకపోతే ఎందుకు అందలేదో అడుగుతాను. ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాకుండా మూలధనం భద్రంగా ఉన్నదన్న వాక్యం కింద సంతకం చేయను. ఈ జాగ్రత్త వల్ల 1943 నాటి ఆ ఉపాధ్యాయునికి నేను పడిన బాకీ తీరదు. అటువంటివారు ఇచ్చిన నిధులు ఇంకా ఎన్నో బీరువాలలో, పాత రిజిస్టర్లలో ఉన్నాయి. వాటి రెండవ పేరాలు చదివే తీరిక మనకు ఉండాలి.